యుటిలిటీ వాహనాల్లో లోడు ఎంతవరకు వేయొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

పికప్పులు, చిన్న గూడ్స్ బండ్లు, పొలాల్లోనూ నిర్మాణ స్థలాల్లోనూ తిరిగే యూటీవీలు (వెనక సరుకు పెట్టె ఉండే చిన్న బండ్లు) ఎంత బరువు మోయొచ్చన్నదాని మీద మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. లెక్కలన్నీ కాగితం మీద చేసుకోగలిగినవే. ఒక్క మాట ముందే చెప్పాలి. బండి బరువును లాగగలగడం వేరు, ఆ బరువుతో వేళకు ఆగగలగడం, మలుపులో పడకుండా నిలబడగలగడం వేరు. ఇంజను లాగుతోంది కాబట్టి లోడు సరిపోయిందనుకోవడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారు.

బండి మీద ప్లేటులో నాలుగైదు అంకెలు ఉన్నాయి. ఏది దేనికి?

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీదో, బానెట్ కిందో ఈ ప్లేటు ఉంటుంది. చాలా బండ్లలో పైనుంచి కిందికి నాలుగు బరువులు కనిపిస్తాయి. మొదటిది బండి మొత్తం బరువు దాటకూడని హద్దు. దాన్నే జీవీడబ్ల్యూ అంటారు. బండి, ఇంధనం, మనుషులు, సరుకు, తర్వాత బిగించుకున్న సామాను అన్నీ అందులోకే వస్తాయి. రెండోది వెనక ట్రైలర్ తగిలించినప్పుడు రెండూ కలిపి ఉండాల్సిన హద్దు. ఆ తర్వాత 1, 2 అని గుర్తు పెట్టి ఉన్నవి ముందు ఇరుసు, వెనక ఇరుసు హద్దులు.

ఇరుసుల హద్దులు రెండూ కూడితే సాధారణంగా జీవీడబ్ల్యూ కంటే ఎక్కువ వస్తుంది. దాన్ని చూసి "అయితే అంత వేయొచ్చు" అనుకోకండి. సరుకు కాస్త ముందుకో వెనక్కో జరిగినా ఏ ఒక్క ఇరుసూ దెబ్బతినకుండా ఇచ్చిన వెసులుబాటు మాత్రమే అది. మొత్తం బరువు, ముందు ఇరుసు, వెనక ఇరుసు, టైర్లు అని నాలుగు హద్దులున్నాయి. వీటిలో ఏది ముందు అందితే అక్కడ ఆగిపోవాలి.

పేలోడ్ 1,150 కిలోలు అని రాసి ఉంది. అంటే అంత సరుకు వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. పేలోడ్ అంటే జీవీడబ్ల్యూలోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలింది. ఆ మిగిలిన దాంట్లోనే మనుషులు, పనిముట్లు, కంపెనీ నుంచి వచ్చాక మీరు బిగించుకున్న ప్రతి వస్తువూ ఇమడాలి. ఇనుప క్యారియరు, ముందు గార్డు, వించి, పైన కట్టిన కానపీ, పనిముట్ల పెట్టె, రెండో స్టెప్నీ... ఇవన్నీ రోజూ బండితోపాటే తిరుగుతాయి కాబట్టి కంటికి ఆనవు. కాటా మీద మాత్రం ఆనుతాయి.

ఈ పేజీలో కింద ఉన్న లెక్కలన్నిటికీ ఒకే బండిని ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఖాళీ బరువు 1,700 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 960, వెనక 740. జీవీడబ్ల్యూ 2,850. వెనక ఇరుసు హద్దు 1,850. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం 3,000 మిల్లీమీటర్లు. కాగితం మీద పేలోడ్ 1,150. ముందు సీట్లలో ఇద్దరు కూర్చుంటే 150 పోతుంది. క్యారియరు, పనిముట్లు కలిపి 80. సరుకుకు మిగిలేది 920 కిలోలే.

ఇంకో చిక్కు ఉంది. ఖాళీ బరువు లెక్కలో కొన్నిచోట్ల 75 కిలోల డ్రైవరును, దాదాపు నిండు ట్యాంకును కలిపి చెబుతారు, కొన్నిచోట్ల డ్రైవరు లేకుండా చెబుతారు. మీ బండి పుస్తకంలో ఆ అంకె పక్కన ఏం రాశారో చదివి, డ్రైవరును రెండుసార్లు తీసేయకుండా, అసలు లెక్కలోకే రాకుండా పోకుండా చూసుకోండి.

ఖాళీ బండి అసలు బరువు తెలుసుకోవడం ఎలా?

కాటా వేయించాలి. బండి కొత్తదైనా, మీరు రోజూ తిప్పే అవతారంలోనే తీసుకెళ్లండి. ట్యాంకు నిండుగా, పనిముట్లు పెట్టెలో, స్టెప్నీ దాని చోటులో ఉండాలి. మూడుసార్లు తూయించాలి. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా పళ్లెం మీద ఉంచి, తర్వాత బండి మొత్తం, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. ఒక్కో ఇరుసు తూచేటప్పుడు పళ్లెమూ, బయటి నేలా ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే బండి ఒక పక్కకు వాలి అంకె తప్పుతుంది. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు తీసేయండి. బ్రేకు పట్టి ఉంటే స్ప్రింగులు బిగుసుకుని బరువు ఒక ఇరుసు మీదికి తోసుకుపోతుంది. నేల చదునుగా ఉంటే బండి కదలదు.

ముందు, వెనక అంకెలు కూడితే మొత్తంతో దాదాపు సరిపోవాలి. 20, 30 కిలోల తేడా కాటా మెట్టును బట్టి మామూలే. అంతకు మించితే మళ్లీ తూయించండి. ఆ మూడు అంకెలూ రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకుంటే, కొత్తగా ఏదైనా బిగించేదాకా అవే పనికొస్తాయి.

మొత్తం బరువు హద్దులోనే ఉంది. అయినా స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంది. ఎందుకు?

సరుకు వెనక్కి పడింది కాబట్టి. ఈ ప్రశ్నకు కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే కాగితాల మీద "హద్దులోనే ఉంది" అనిపించుకుంటూ వెనక ఇరుసును విరగ్గొట్టే తప్పు ఇదే.

లెక్క తూకపు కర్ర లాంటిది. సరుకు బరువుకు మధ్యబిందువు వెనక ఇరుసు కంటే ఎంత ముందుందో కొలవండి. ఆ దూరాన్ని రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించి, సరుకు బరువుతో గుణిస్తే ముందు ఇరుసు మీద పడే భాగం వస్తుంది. మిగిలింది వెనక ఇరుసుది.

మన బండి బాడీ పొడవు 2,400 మిల్లీమీటర్లు, అందులో 1,500 వెనక ఇరుసుకు ముందు, 900 వెనక ఉందనుకోండి. 920 కిలోలు బాడీ అంతటా సమానంగా పరిస్తే మధ్యబిందువు ఇరుసుకు 300 మిల్లీమీటర్లు ముందు పడుతుంది. ముందు ఇరుసుకు 92 కిలోలు, వెనక ఇరుసుకు 828. ఇద్దరు మనుషుల బరువు చెరి సగం, పనిముట్ల 80 కిలోలు వెనక ఇరుసు మీద వేస్తే, ముందు మొత్తం 1,127, వెనక మొత్తం 1,723. వెనక హద్దు 1,850 కాబట్టి 127 కిలోల వెసులుబాటు ఉంది.

అదే 920 కిలోల సరుకును దించడం సులువని వెనక తలుపు దగ్గరే పేర్చారనుకోండి. మధ్యబిందువు ఇరుసుకు 600 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. ఇప్పుడు వెనక ఇరుసు మీద పడేది 920 కాదు, 1,104 కిలోలు. ఇరుసు ఇరుసులా కాకుండా ఊయల మధ్య కొయ్యలా పనిచేసి, ముందు భాగాన్ని 184 కిలోల మేర పైకి ఎత్తుతుంది. వెనక మొత్తం 1,999, అంటే హద్దు మీద 149 ఎక్కువ. సరుకు లేనప్పుడు 1,035 ఉండే ముందు బరువు 851కి పడిపోయింది. రెండు పేర్పుల్లోనూ మొత్తం బరువు 2,850 మాత్రమే. కాటా చీటీ మొత్తం అంకె ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు చక్రాల మీద బరువు తగ్గితే తడి రోడ్డు మీద మలుపులో బండి తిన్నగా జారిపోతుంది, ముందు బ్రేకులు వాటి వంతు పని చేయలేవు, హెడ్‌లైట్లు ఎదురు డ్రైవర్ల కళ్లలో కొడతాయి. అందుకే బరువైన వస్తువును క్యాబిను గోడకు ఆనించి పెట్టాలి. తేలికైనవి వెనక్కి వెళ్లొచ్చు. బాడీ దాటి బయటికి వచ్చే ఇనుప ఊచలు, పైపుల విషయంలో ఇది మరీ ముఖ్యం, వాటి మధ్యబిందువు మీరు అనుకున్న దానికంటే ఎప్పుడూ వెనకే ఉంటుంది.

ఇసుక, కంకర, నీళ్లు తూయకుండా అంచనా వేయడం ఎలా?

బాడీ కొలతలు తీసుకోండి. పొడి ఇసుక ఘనమీటరు సుమారు 1,600 కిలోలు, బాగా తడిసిన ఇసుక 1,900 నుంచి 2,000 కిలోలు. కంకర 1,500 నుంచి 1,700. గట్టిపడ్డ కాంక్రీటు 2,400. నీళ్లు సరిగ్గా లీటరుకు కిలో. డీజిలు లీటరు సుమారు 0.84 కిలో, పెట్రోలు 0.74.

మన ఉదాహరణ బండి బాడీ 2.4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు అనుకుందాం. అంచుదాకా పొడి ఇసుక నింపితే 2,450 కిలోలు దాటుతుంది. వేయదగ్గది 920. అంటే ఇసుక లోతు 15 సెంటీమీటర్లు వచ్చేసరికే హద్దు అందుతుంది, తడి ఇసుకైతే 12 సెంటీమీటర్లకే. బాడీ అడుగు నుంచి జానెడు కూడా నిండదు! చూసేవాళ్లకు బండి ఖాళీగానే కనిపిస్తుంది, ఇంకో నాలుగు పారలు వేయమనే అంటారు. అందుకే బాడీ లోపలి గోడ మీద 12, 15 సెంటీమీటర్ల దగ్గర పెయింటుతో గీతలు గీయండి. లోడు వేసే మనిషితో వాదించే పని తప్పుతుంది.

సంచుల్లో వచ్చే సరుకు సులువు. 50 కిలోల సిమెంటు బస్తాలు 18 వేస్తే 900. ఇనుప ఊచలకు పాత సూత్రం బాగా పనికొస్తుంది: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకు 0.89 కిలో, 16 మిల్లీమీటర్లది 1.58. కట్టెలు కొట్టిన వెంటనే ఎండిన కట్టె కంటే చాలా బరువుంటాయి. అదే కుప్ప, అదే ఎత్తు అని నమ్మకండి. వాన పడ్డాక ఎత్తిన మట్టికీ ఇదే వర్తిస్తుంది.

టైరు మీద 104, 106 అని ఉండే అంకెలు బరువుకు సంబంధించినవేనా?

అవును, టైరు సైజు పక్కనే ఉండే ఆ అంకె లోడ్ ఇండెక్స్. అది నేరుగా కిలోలు కాదు, పట్టికలో చూడాలి. తరచుగా కనిపించేవి: 91కి 615 కిలోలు, 95కి 690, 98కి 750, 100కి 800, 102కి 850, 104కి 900, 106కి 950, 108కి 1,000, 112కి 1,120. ఇది ఒక్క టైరు మోసేది. 104/102 అని రెండు ఉంటే, మొదటిది ఒంటరిగా ఉన్నప్పుడు, రెండోది జంట చక్రాలుగా పక్కపక్కన ఉన్నప్పుడు ఒక్కో టైరుకు వర్తిస్తుంది.

మన బండి వెనక ఇరుసు హద్దు 1,850. ఒక్కో టైరు 925 మోయాలి. అంటే కనీసం 105 (925 కిలోలు) కావాలి. సైజు ఒకటే కదా అని 104 వేయించారంటే రెండు టైర్లూ కలిసి మోసేది 1,800 మాత్రమే. ప్లేటు మీద ఏం రాసి ఉన్నా, ఇక మీ వెనక ఇరుసు హద్దు 1,800. ఇంకో సంగతి: కార్ల కోసం చేసిన టైర్లను పికప్పులకు వేస్తే వాటి సామర్థ్యాన్ని 1.1తో భాగించి చూడాలన్నది టైరు పరిశ్రమ అనుసరించే నియమం. చూడ్డానికి ఒకేలా ఉన్నా పక్క గోడ అంత గట్టిగా ఉండదు.

గాలి ఎంత పెట్టాలి? లోడుకు ఎక్కువ పెట్టాలా?

తలుపు స్తంభం మీది స్టిక్కరులో ఖాళీకి, నిండు లోడుకు వేరువేరు అంకెలు ఉంటాయి. నిండు లోడుకు ఆ రెండో అంకే పెట్టాలి. టైరు గోడ మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ గాలి, మీ బండికి పెట్టమన్నది కాదు. లోడ్ ఇండెక్స్ చెప్పే బరువు కూడా ఒక నిర్దిష్టమైన గాలి ఉన్నప్పుడే వర్తిస్తుంది. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది.

టైరు పగలడానికి అసలు కారణం వేడి. గాలి తక్కువై బరువు ఎక్కువైతే పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. ఆ వంగడంలోనే వేడి పుట్టి, రబ్బరు, లోపలి పొరలు విడిపోతాయి. బయటికి ఏమీ కనిపించకుండా గంటల తరబడి తిరిగి, చివరికి వేగంగా పోతున్నప్పుడు ఒక్కసారిగా పగులుతుంది. గాలి చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి మూడు గంటలు కదలకుండా ఉన్నాక చూసుకోండి. ప్రయాణంలో వేడెక్కి గాలి పెరిగిందని తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 2 పీఎస్‌ఐ తగ్గుతుంది.

వెనక కమాను పట్టీలు రెండు ఎక్కువ వేయిస్తే హద్దు పెరుగుతుందా?

పెరగదు. బండి కుంగడం తగ్గుతుంది, అంతే. ఇరుసు గొట్టం, హబ్ బేరింగులు, చక్రం బోల్టులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ పాతవే. కుంగుదల కనిపించకపోతే ఓవర్‌లోడు అయిందని చెప్పే ఒకే ఒక్క గుర్తును మీరే చెరిపేసుకున్నట్టు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు. చాలా పికప్పుల్లో ఛాసిస్‌కూ వెనక ఇరుసుకూ మధ్య ఒక చిన్న ఊచతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక భాగం కుంగితే బండిలో లోడు ఉందని గ్రహించి వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. కమాను పట్టీలు కలిపాక నిండు లోడుతో కూడా బండి కుంగదు కాబట్టి వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. వెనక బ్రేకులు సగం పనే చేస్తాయి, ముందు బ్రేకులు కాలిపోతాయి. పట్టీలు మార్పించే తీరాలనుకుంటే ఆ వాల్వు ఊచను కూడా కంపెనీ చెప్పిన కొలతకు సరిచేయించండి.

లోడుతో ఎంత వేగంలో పోవచ్చు?

2,850 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 396 కిలోజూళ్లు. అదే బండి 80లో ఉంటే 704. వేగం మూడో వంతు పెరిగితే బ్రేకుల పని దాదాపు 1.8 రెట్లు అయింది. బరువు 30 శాతం పెంచితే పని 30 శాతమే పెరుగుతుంది. కాబట్టి నిండు లోడున్న రోజున వేగం తగ్గించడమే మీ చేతిలో ఉన్న పెద్ద సాధనం.

ఘాట్ రోడ్డు దిగుడు సంగతి వేరు. అదే బండి 100 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగితే, 60 వేగంలోంచి ఏడుసార్లు వరసగా ఆపినంత వేడి పుడుతుంది. చల్లారే వ్యవధే ఉండదు. కొత్త డాట్ 3 బ్రేకు ఆయిల్ 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దగ్గర మరుగుతాయని ప్రమాణం. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140, 155కి పడిపోతాయి. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసుకోండి, ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దాదాపు ఆ గేరులోనే దిగండి. బ్రేకు ఎప్పుడూ సుతారంగా నొక్కి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి.

ఏడాదిగా కాస్త ఎక్కువే వేస్తున్నాం. ఏమీ కాలేదు కదా?

ఏమీ కాలేదు అనడం కంటే, ఇంకా బయటపడలేదు అనడం సరైనది. చక్రాల బేరింగుల ఆయుష్షుకు ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం, రోలర్ బేరింగు మీద బరువు 20 శాతం పెరిగితే ఆయుష్షు 54 శాతానికి పడిపోతుంది, 30 శాతం పెరిగితే 42 శాతానికి. కమాను పట్టీలు, ఛాసిస్ వెల్డింగులు, ఇరుసు గొట్టం కూడా అలాగే అలసిపోతాయి. ఒక్కో గుంతకూ ఒక సన్నని పగులు కొంచెం సాగుతుంది. చివరిసారి విరిగిన రోజున వేసిన లోడు హద్దులోనే ఉండొచ్చు, కారణం మాత్రం ఏడాది కిందటిది.

తేలికైన సరుకును ఎత్తుగా పేర్చొచ్చా?

బరువు హద్దులో ఉన్నా ఎత్తు బండిని పడగొట్టగలదు. ఖాళీ బండి గరిమనాభి నేల నుంచి 700 మిల్లీమీటర్ల ఎత్తులో, చక్రాల వెడల్పు (ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి దూరం) 1,500 ఉందనుకుందాం. 900 కిలోల సరుకు మధ్యబిందువు 1,000 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే రెండూ కలిసిన గరిమనాభి సుమారు 800కి చేరుతుంది. అదే సరుకు ఎత్తుగా పేర్చి మధ్యబిందువు 1,500కి పోతే అది 977. చక్రాల వెడల్పులో సగాన్ని ఈ ఎత్తుతో భాగిస్తే బండి ఏ పాటి పక్క తోపుకు బోర్లా పడుతుందో అంచనా వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 1.07, ఎత్తు లోడుతో 0.77. స్ప్రింగులు, టైర్లు వాలడం వల్ల అసలు అంకె ఇంకా తక్కువ. గడ్డి, బేళ్లు, ఖాళీ డ్రమ్ములు, ఫర్నిచరు ఇలాంటి లోడ్ల మీద గాలి కూడా తోస్తుంది.

కట్టడానికి తాడు చాలా, బెల్టు కావాలా?

ఎంత తోపును తట్టుకోవాలో చూస్తే జవాబు దొరుకుతుంది. గట్టి బ్రేకు వేస్తే సరుకు దాని బరువులో 0.8 వంతు బలంతో ముందుకు తోస్తుందని, పక్కకూ వెనక్కూ 0.5 వంతు అని లెక్కించాలి. 500 కిలోల యంత్రమైతే ముందుకు 400 కిలోల తోపు. ఇనుప నేల మీద చెక్క అడుగు ఉంటే రాపిడి 0.3 వంతు, అంటే 150 కిలోలు పట్టి ఉంచుతుంది. మిగిలిన 250ని బెల్టులైనా క్యాబిను గోడైనా ఆపాలి. కింద జారని రబ్బరు చాప పరిస్తే రాపిడి 0.6 వరకు వస్తుంది, మిగిలేది 100 మాత్రమే, పక్క తోపును రాపిడే ఆపేస్తుంది. చిన్న రబ్బరు చాప చేసే మేలు అంత.

బెల్టు మీద 2,500 అని ఉన్నంత మాత్రాన అది సరుకును 2,500 కిలోలతో నొక్కదు. చేత్తో బిగిస్తే వచ్చే బిగువు లేబుల్ మీద ఎస్‌టీఎఫ్ అని విడిగా ఉంటుంది, సాధారణంగా 250 నుంచి 500 మధ్య. బెల్టు సరుకు మీదుగా నిటారుగా దిగితేనే ఆ బిగువు పూర్తిగా కిందికి నొక్కుతుంది, నేలతో 30 డిగ్రీల కోణంలో వాలి ఉంటే సగమే. పదును అంచుల దగ్గర మూల రక్షణ పెట్టండి. 10, 15 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించండి, సరుకు సర్దుకుని బెల్టు వదులైపోయి ఉంటుంది.

చిన్న ట్రైలర్ తగిలిస్తే బండి లోడు హద్దు మారుతుందా?

ట్రైలర్ బరువంతా బండి పేలోడ్‌లోకి రాదు, కానీ కొక్కెం మీద పడే బరువు వస్తుంది. సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండేలా పేర్చాలని చెబుతారు. కొన్ని దేశాల్లో కొక్కేలు ఇంతకంటే తక్కువకే తయారవుతాయి కాబట్టి కొక్కెం మీది అంకె చూడండి. 1,000 కిలోల ట్రైలర్ 100 కిలోలు కొక్కెం మీద పెడితే, కొక్కెం వెనక ఇరుసుకు 1,100 మిల్లీమీటర్ల వెనక ఉంటే, వెనక ఇరుసు మీద పడేది 137, ముందు ఇరుసు పోగొట్టుకునేది 37. కొక్కెం మీద బరువు మరీ తక్కువైతే ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. ఊగుతుంటే బ్రేకు కొట్టకండి, స్టీరింగ్ నిలిపి ఉంచి యాక్సిలరేటర్ వదిలేయండి.

యూటీవీకి ఇవే లెక్కలా?

లెక్క అదే, హద్దులు ఇంకా కఠినం. యూటీవీకి రెండు అంకెలుంటాయి: వెనక పెట్టె హద్దు, మనుషులతో కలిపి మొత్తం హద్దు. పెట్టె హద్దు 450, మొత్తం 680 అనుకుంటే, కలిపి 170 కిలోలుండే ఇద్దరు కూర్చుని 450 వేస్తే మిగిలేది 60 మాత్రమే. ముగ్గురు ఎక్కితే పెట్టెలో తగ్గించాలి. పెట్టె హద్దు సమతలం నేల మీద చెప్పినది. గుంతలు, వాలు ఉంటే తగ్గించమని తయారీదారు పుస్తకాల్లోనే ఉంటుంది, 15 డిగ్రీలకు మించిన వాలు మీద నడపొద్దని చాలా పుస్తకాలు చెబుతాయి. వాలుకు అడ్డంగా కాకుండా తిన్నగా ఎక్కి తిన్నగా దిగండి.

సగం నిండిన పురుగుమందు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. నీళ్లు మలుపులో ఒక పక్కకు పోగవుతాయి, సరిగ్గా బండి వాలిన పక్కకే. లోపల అడ్డు పలకలున్న ట్యాంకు వాడండి, లేదా నింపితే నిండుగా నింపండి. పెట్టెలో మనుషులను ఎక్కించకండి. రక్షణ చట్రం సీట్లకే ఉంటుంది, పెట్టెకు ఉండదు.

పైకప్పు మీద ఎంత పెట్టొచ్చు?

పుస్తకంలో రాసిన పైకప్పు హద్దే. క్యారియరు బరువు కూడా అందులో భాగమే. ఆగి ఉన్నప్పటి హద్దు, నడుస్తున్నప్పటి హద్దు వేరు, ప్రయాణానికి తక్కువ దానినే పాటించాలి.

కరెంటు బండ్లకు?

బ్యాటరీ బరువు వల్ల ఖాళీ బండే బరువెక్కుతుంది, అదే జీవీడబ్ల్యూకు సరుకు తగ్గుతుంది. దిగుడులో మోటారే బ్రేకులా పనిచేయడం వరం. కానీ బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఆ శక్తికి చోటుండదు, మోటారు బ్రేకింగు తగ్గుతుంది. కొండ మీంచి లోడుతో బయలుదేరేటప్పుడు నిండా ఛార్జి పెట్టకండి.

ఒకసారి పొరపాటున ఓవర్‌లోడు అయింది. ఇప్పుడు ఏం చూసుకోవాలి?

బండి ఖాళీ చేసి సమతలంగా నిలబెట్టండి. వెనక రెండు పక్కల చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకు ఎత్తు కొలవండి. ఒక పక్క తక్కువుంటే ఆ వైపు పట్టీ విరిగి ఉండొచ్చు. పట్టీల మధ్యబోల్టు, యూ బోల్టుల దగ్గర తుప్పు రంగు పొడి కనిపిస్తే అవి కదిలినట్టు, చెప్పిన బిగువుకు బిగించాలి. చక్రం నట్లు టార్క్ రెంచితో చూడండి. టైర్ల లోపలి వైపు గోడ మీద, బయటికి కనిపించని వైపు, ఉబ్బులూ పగుళ్లూ వెతకండి. రబ్బరు దిమ్మలు నలిగి ఉంటే ఇరుసు వాటికి తగిలిందన్నమాట. చక్రాన్ని జాకీతో లేపి రెండు చేతుల్తో పైనా కిందా పట్టి ఊపండి. టకటక అని ఆడితే బేరింగు వదులైంది. చేత్తో తిప్పితే గరగర అంటే బేరింగు లోపల గుంటలు పడ్డాయి. బ్రేకు పెడల్ మునుపటికంటే మెత్తగా ఉంటే బ్రేకు ఆయిల్ మార్పించండి, పాతది మరిగి ఉండొచ్చు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా, అది సరిచేయించేదాకా బండికి ఎంత తక్కువ లోడైనా వేయకండి.